పలక బిగించిన ఆంప్లిఫయర్

గిటారు వైరు కంప్యూటర్‌కు తగిలిస్తే చాలు, లోపల ఉండే సాఫ్ట్‌వేరే ఏ ఆంప్లిఫయర్ మోత కావాలంటే ఆ మోత పలికిస్తుందని మా అమ్మాయి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మొన్న సెలవులకు మార్కాపురం వచ్చి, అలాంటివి నాలుగు ఎక్కించి, వారం రోజులు ఉచితంగా వాడి చూసి నచ్చినది ఉంచుకోమని చెప్పి వెళ్లింది. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో ఆంప్లిఫయర్ అంటే ఇద్దరు పట్టి మోయవలసిన బరువు. ఇప్పుడవి తెర మీద బొమ్మలై వరసగా నిలబడి ఉన్నాయి.

నాకు కావలసిన మోత ఒక్కటే. వచ్చే నెల మా అన్న జ్ఞాపకార్థ కూడికలో, ఆయన కట్టిన పాటను ఆయన ఆంప్లిఫయర్ మోతతోనే వినిపించమని వదిన అడిగింది. ఆమె నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి, కాదనే ధైర్యం నాకెక్కడిది.

తర్లుపాడు దగ్గర మా పల్లె చర్చిలో ఉండేది ఆ ఆంప్లిఫయర్, ఇప్పుడది లేదు. దాని వెనక చెక్కను చెదలు తినేస్తే, పాటల జట్టులో అందరం పలకల ఫ్యాక్టరీ కూలీలమే కనుక, చెక్క కోసం వెతక్కుండా నున్నగా కోసిన నల్ల పలకనొకదాన్ని తెచ్చి బిగించేశాము. మైకూ గిటారూ రెండూ దానికే తగిలించేవాళ్లం. ఆ తర్వాత కొన్నాళ్లకు, అన్న చరణానికీ చరణానికీ మధ్య ఆగినప్పుడు, తీగలు ఊరుకున్నా సరే, డబ్బాలోంచి సన్నగా, తడిగా ఒక ఈల రావడం మొదలైంది. పలక అదురుతోందని తీర్మానించాము. మరలు బిగించాము, గోనెపట్టా కుక్కాము. అన్న కూడా డబ్బాను ఉత్తుత్తిగా కసిరి, నవ్వి, మళ్లీ పాడేవాడు. రాతి పనివాళ్లం కదా, అనుమానం రాయి మీదికే పోయింది. అన్న పోయాక ఆ ఈల ఒక్కసారి కూడా రాలేదు. డబ్బాకూ దుఃఖం ఉంటుందని ఆదివారాలు దాని వంక చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇక సాఫ్ట్‌వేర్ల సంగతికి వస్తే, ఒకటి మరీ శుభ్రం, ఒకటి ఊరికే గర్జిస్తుంది, మూడోదానిలో స్పీకరు పెట్టె ఏ చెక్కదో కూడా ఎంచుకోవచ్చు గానీ పలక మాత్రం లేదు. ఐదో రోజు మధ్యాహ్నం నాలుగోదాన్ని తెరిచి, గిటారుతో పాటు మైకు కూడా పెట్టుకుని పాడి, తిరిగి విన్నాను. మొదటి చరణం అయింది, తీగలు ఆగాయి, ఆ నిశ్శబ్దంలో నా చెవి పక్కనే ఆ ఈల. సిగ్గు విడిచి చెబుతున్నాను, వెనక్కి తిరిగి చూశాను. కాస్త తేరుకున్నాక, పలక మోత దొరికిందన్న సంతోషం పట్టలేక వదినను పిలిపించాను.

ఆమె రెండు చరణాలు విని, హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“అది పలక మోత అని నీకెవరు చెప్పినారు మరిదీ? అప్పట్లో డబ్బాలో వినపడినవి మీ అన్న రొమ్ములో పిల్లికూతలు. పక్కన పండుకున్నదాన్ని, నాకు తెల్దా? పని పోతాదని ఎవరికీ చెప్పనియ్యలేదు నన్ను. మీరేమో డబ్బా బాగుచేసుకుంటా ఉంటిరి.”

తర్వాత నా రొమ్ము వంక చూసి, రేపే ఒంగోలు ఆసుపత్రికి పోదాం పా అంది. నేను కూడా ఇరవై ఏళ్లు ఆ రాతి దుమ్ము పీలుస్తూ పలకలు కోసినవాణ్ణే.

ఆమె వెళ్లాక, తెర మీద గిటారుకొక వరస, గొంతుకొక వరస విడివిడిగా కనిపిస్తుంటే, గిటారును ఆపేసి గొంతును మాత్రం విన్నాను. ఈల అక్కడే ఉంది. ఇలాంటి చప్పుళ్లను తుడిచేసే మీట కూడా ఉందని అమ్మాయి ఫోనులో చెప్పింది, వద్దన్నాను. మా కాలంలో అంతా ఒక్క డబ్బాలోంచే కలిసి వచ్చేది, ఎనిమిది మందిమి దాని చుట్టూ వంగి చెవులు పెట్టేవాళ్లం. ఒక్కడు తలెత్తి, పాడుతున్న మనిషి ముఖం చూసి ఉంటే ఎంత బాగుండేదో!