ఒక చుట్ట సేపు

దయ్యాలను నేను నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇరవై ఏళ్లు చేపల గంప నెత్తిన పెట్టుకుని, చీకటితోనే శ్మశానం పక్క దారిలో ఇందుకూరుపేటకు నడిచాను. ఒక్క దయ్యమూ ఎదురొచ్చి చేప బేరమాడలేదు. అరవై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇది నా చేత్తోనే రాస్తున్నాను. ఇంకొకరితో రాయిస్తే మెత్తగా మార్చేస్తారు.

అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోయారు. నాన్నకు అన్న, మా పెదనాయన, నన్ను పెంచాడు. పెంచాడని ఊరు అనేది.

యాభైల చివర్లో నాకు తొమ్మిది పదేళ్లు. ఇసుకలో ఆరబోసిన చేపల మీద కాకులు వాలకుండా చూడడం నా పని. ఒక్క చేప పోయినా శిక్ష ఒకటే. నన్ను ముడుచుకుని కూర్చోమని, పైన పెద్ద వెదురు గంప బోర్లించేవాడు. దానిమీద తడి గోనెపట్టాలు కప్పి, చెక్క వేసుకుని కూర్చుని చుట్ట వెలిగించేవాడు. చుట్ట అయిపోయాకే లేచేవాడు.

లోపల గాలి ఆడేది కాదు. చేపల నీచు, గోనె తడి, చుట్ట పొగ. నేను ఏడిస్తే ఇంకా మెల్లగా తాగేవాడు. పెద్దమ్మ గడపలో కూర్చుని వల బాగుచేస్తూ ఉండేది. తల ఎత్తేది కాదు.

అరవైలలో మా జాలర్ల పాలెంలోనే రమణయ్యతో నాకు పెళ్లయింది. మగవాళ్లు రాత్రి వేటకు పోతారు, ఆడవాళ్లం పొద్దున్నే అమ్మకానికి పోతాం. అందుకని మా పాలెమంతా మధ్యాహ్నమే నిద్రపోతుంది. ఒకరోజు రమణయ్య నన్ను కుదిపి లేపాడు.

“నిద్రలో నీకు ఊపిరి ఆగిపోతా ఉండాది మే. అది చూస్తా కూర్చుంటే నాదీ ఆగేట్టుండాది.”

నెల్లూరులో డాక్టరు వెల్లకిలా పడుకోవద్దు, పక్కకు తిరిగి పడుకో అన్నాడు. నిద్రలో ఎటు తిరుగుతామో మనకేం తెలుసు? రమణయ్యే ఉపాయం చేశాడు. వల తేలడానికి కట్టే కొయ్య బెండు ఒకటి గుడ్డలో చుట్టి, తాడుతో నా వీపుకు కట్టాడు. వెల్లకిలా తిరిగితే గుచ్చుకునేది, పక్కకు తిరిగేదాన్ని. ఊపిరి ఆగడం పోయింది. ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆరు నెలల తర్వాత ఆ తాడు తెగింది. రెండు రోజులు బెండు కట్టుకోలేదు. మూడో రోజు పెద్దమ్మ వచ్చింది. నా పెళ్లయ్యాక మా గుమ్మం తొక్కడం అదే మొదలు.

“మీ పెదనాయనకు మళ్లీ వచ్చిందమ్మే. నువ్వు ఇల్లు దాటినకాడినుంచీ ఉన్న జబ్బే. ఆరు నెల్లు బాగుండినాడు. రెండు దినాలుగా మజ్జానం కన్ను మూస్తే చాలు, ఊపిరాడక నీలంగా అయిపోతా ఉండాడు. ‘గంప ఎత్తండి, గంప ఎత్తండి’ అని అరస్తాడు. నువ్వొచ్చి మన్నించినానని ఒక్క మాట చెప్పమ్మే.”

“ఆ పొద్దు నువ్వు ఎత్తినావా గంప?” అన్నాను.

పెద్దమ్మ గడప దిగి వెళ్లిపోయింది.

ఆరోజే రమణయ్య కొత్త తాడు కట్టి ఇచ్చాడు. బెండు కట్టుకునే పడుకున్నాను. నాలుగో రోజు పొద్దున ఒడ్డుకు వెళ్తే, పెదనాయన గుండ్రాయిలాగా ఉన్నాడు. ఆరబోసిన చేపల పక్కన గంప బోర్లించి, దానిమీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. లోపలినుంచి దగ్గు వినిపించింది. ఆయన మనవరాలు.

ఆయన్ని తోసేసి గంప ఎత్తాను. పిల్ల పెదవులు నల్లబడి ఉన్నాయి. ఆయన ఇసుక దులుపుకుంటూ నవ్వాడు.

“నువ్వేమన్నా సచ్చినావా? దున్నపోతు మాదిరి గట్టిగానే ఉండావు గదా!”

పిల్లను వాళ్లమ్మకు అప్పజెప్పి ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం వీపు మీది బెండు విప్పి గోడకు తగిలించాను. కావాలనే వెల్లకిలా పడుకున్నాను. అది నా ప్రాణానికీ ముప్పేనని తెలుసు. అయినా పడుకున్నాను.

లేచేసరికి ఎండ గడప దాటింది. నోరంతా చేదుగా, ఘాటుగా ఉంది. బయటినుంచి వచ్చిన రమణయ్య నా మొహం దగ్గరికి వంగి వెనక్కి జరిగాడు.

“చుట్ట తాగినావా మే?”

రమణయ్యకు చుట్ట అలవాటు లేదు. మా ఇంట్లో చుట్ట అన్నదే లేదు. నేను జన్మలో ముట్టలేదు. అడుగుతూ ఉండగానే పెదనాయన ఇంటివైపునుంచి ఏడుపులు లేచాయి.

ముసలివాడు, చుట్టలు తాగి గుండెలు పాడుచేసుకున్నాడు, పోయాడు. అలా అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుంటాను. ఆ పిల్ల మీద మళ్లీ ఎవరూ గంప బోర్లించలేదు, అది మాత్రం నిజం.

నాకిప్పటికీ బెండు లేకపోతే నిద్రలో ఊపిరి ఆగుతుంది. కానీ నోట్లో ఆ రుచి మళ్లీ ఎన్నడూ రాలేదు. ఆ ఒక్క మధ్యాహ్నం అది నా నోట్లోకి ఎలా వచ్చిందో, ఇన్నేళ్లు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

చేదుగా ఉందని రాశాను. అప్పుడు నాకు బాగానే ఉందనిపించింది. నోరు కూడా పుక్కిలించలేదు.