చ్యూ సొరుగులో ముద్రలు

తైవాన్ దేశం, తైనాన్‌లోని ఆ పాత అపార్ట్‌మెంట్‌వాళ్లందరూ సంతకానికి బదులు వేసే, తమ పేరు చెక్కించుకున్న ముద్రలను వాచ్‌మన్ చ్యూ సొరుగులోనే ఉంచేవారు. రిజిస్టర్డ్ ఉత్తరం వస్తే ఆయనే ముద్ర వేసి తీసుకునేవాడు.

నాలుగో అంతస్తు శ్వేజెన్‌కి ఒకరోజు తాను కొనని ఫోన్‌కి బిల్లు వచ్చింది. కంపెనీకి ఫోన్ చేస్తే, ఒప్పందం మీద మీ ముద్ర ఉందన్నారు. అంతే, చిందులు తొక్కుతూ కిందికి దిగింది.

"నా ముద్ర ఉండేది నీ దగ్గరే కదయ్యా! ఇంకెవడు వేస్తాడు?" అని నలుగురిలో కడిగేసింది. నిన్నటిదాకా ఆయన్ని అన్నా అని పిలిచిన నోరే అది.

ఫిర్యాదు చేయడానికి వెళ్తే, పోలీస్ స్టేషన్‌లో ఆ ఒప్పందం చూపించారు. ముద్ర ఆమెది కాదు, ఎవరైనా చెక్కించుకోగల చౌకరకం. వెనక జతచేసిన గుర్తింపు కార్డు జిరాక్సు మాత్రం ఆమెదే.

"దీని మీద అడ్డగీతలు కొట్టి, ఎందుకిస్తున్నారో రాయలేదేంటమ్మా?" అన్నాడు పోలీసు.

బిల్డింగంతటికీ ఆ జాగ్రత్త నూరిపోసింది ఈవిడే! పార్కులో రైస్ కుక్కర్ ఉచితమంటూ, "మీకు అరవై ఏళ్లంటే ఎవరు నమ్ముతారక్కా?" అన్నవాడికి మాత్రం ఒక్క గీతయినా గీయకుండా ఆ జిరాక్సు ఇచ్చేసింది.

జామపళ్లు పట్టుకుని చ్యూ దగ్గరికెళ్లింది. "తప్పయిపోయిందన్నా."

"పర్లేదమ్మా," అంటూ ఆయన ఆమె ముద్రను రెండు చేతులతో అందించాడు. "ఇకమీదట ఉత్తరమొస్తే పిలుస్తాను, మీరే దిగి రండి."

సొరుగు ఖాళీగా ఉంది. అందరి ముద్రలూ ఆ ఉదయమే ఇచ్చేశాడట.

ఇప్పుడు ఉత్తరం వచ్చినప్పుడల్లా ఎవరి ముద్ర వాళ్లే పట్టుకుని దిగుతున్నారు. లిఫ్టులో శ్వేజెన్ ఎదురైతే మర్యాదగా నవ్వి, ముద్ర ఉన్న గుప్పిట మూసుకుంటున్నారు.