మసక లైటు, వెనక సీటు

అంబాజీపేటలో ముప్పై ఏళ్లు కొబ్బరి వ్యాపారం చేసిన సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు కాయని వేలితో తట్టి, లోపల ఎన్ని గుక్కల నీళ్లున్నాయో చెప్పేవారు. ఒకసారి గుక్క తగ్గితే కాయే సిగ్గుపడి ముఖం తిప్పుకుందని కూడా ఆయనే చెప్పేవారు. ఆయన కథలకి ఊరంతా నవ్వేది. చివరిదాకా వినేది మాత్రం మోటారు సైకిలు వెనక సీట్లో కూర్చునే భార్య రమణమ్మ ఒక్కతే.

నెల్లాళ్లుగా ఆ సీటు ఖాళీ. ఓ శనివారం సాయంత్రం అప్పనపల్లి గుడికి వెళ్తూ ఇద్దరూ బండితో సహా పంటకాలువలోకి దిగారు. మోకాలి లోతు నీళ్లే గాని, ఆయన లెక్కలో అది గోదావరి. నేరమంతా హెడ్‌లైటు మీదికి నెట్టేశారు. పదేళ్ల దుమ్మూ వానల చెమ్మా చేరి అద్దం లోపల గంజి పట్టినట్టుంటే దారెలా కనిపిస్తుందన్నారు.

"అయితే అది బాగయ్యేదాకా నేను ఆటోలోనే వెళ్తానండి," అంది రమణమ్మ.

మూడు శనివారాలు ఆయన ఆటో వెనకాలే ఒంటరిగా వెళ్లారు. చెప్పని కథలు లోపల ఉడికిపోయాయి. నాలుగో శనివారం మధ్యాహ్నం లైటు విప్పి అరుగు మీద కూర్చున్నారు. బల్బు తీసిన కన్నంలో రెండు వేళ్లే పడుతున్నాయి.

"చేతిలో ఏంటండీ అది?"

"చింతపండు. నీ ఇత్తడి చెంబు దీంతోనే కదా మెరిసేది."

"చెంబు నిలువెల్లా ఇత్తడండి. ఈ లైటు లోపలి మెరుపు ఉత్త పైపూత. పులుపు తగిలితే ఊడొచ్చేస్తది."

అప్పటికే కందిగింజంత పూత ఆయన వేలికి అంటుకుంది. ఆ వేలిని లుంగీలో దాచుకున్నారు.

"ఇలా ఇవ్వండి," అంది ఆవిడ. చిన్నప్పుడు పుట్టింట్లో లాంతరు చిమ్నీలు తుడిచే పని ఆవిడదే. గోరువెచ్చని నీళ్లలో షాంపూ చుక్క వేసి, లోపల పోసి ఊపి వంపితే టీ డికాక్షనంత చిక్కగా మురికి దిగింది. కొబ్బరీనెకి పాత పంచె పీలిక చుట్టి, పూత జోలికి పోకుండా అద్దం ఒక్కటే తుడిచింది. రెండుసార్లు మంచినీళ్లు తిప్పి, కన్నం కిందికి పెట్టి ఎండలో బోర్లించింది.

"తడి పూర్తిగా ఆరేదాకా బిగించకండి. చెమ్మ ఉంటే మళ్లీ మసకే."

ఆయన సాయంత్రం దాకా కాకులు ముట్టకుండా కాపలా కాశారు. బిగించి వెలిగిస్తే ఎదురింటి గోడ తెల్లగా వెలిగింది. తెల్లారిందనుకుని వైనతేయ నది అవతల కోళ్లు కూశాయన్నది ఆయన వాదన.

"ఎక్కు రమణా."

"ఎక్కుతానండి. కాని ఆ రోజు పడింది లైటు వల్ల కాదు. మొసలి కథ చెప్తా మొహం వెనక్కి తిప్పేరు. మీరే ఒప్పుకుంటారని నెల్లాళ్లు చూశాను."

ఆయన మధ్యాహ్నం నుంచీ దాస్తూ వచ్చిన పూతంటిన వేలు కూడా చాపి చూపించారు. "ఆయ్," అని ఒప్పుకున్నారు. జీవితంలో ఆయన చెప్పిన అతి చిన్న కథ అదే.

రమణమ్మ ఎక్కి కూర్చుంది. ఆయన నోరు బిగించుకుని, మెడ నిటారుగా పెట్టి నడిపారు. ఆ రోజు పడ్డ మలుపు కూడా బండి దాటింది. ఆ నిశ్శబ్దం ఆవిడకే భారమైంది. భుజం తట్టింది.

"ఇంతకీ ఆ మొసలి ఏమైందండీ?"

ఆయన మెడ తిప్పలేదు. మొసలి మాత్రం అప్పనపల్లి చేరేసరికి నాలుగు మూరలు పెరిగింది.