ఇవాళ్టికి చాలు, రేపు రా

ఆయన ముక్కు ముచ్చటగా మూడుసార్లు విరిగింది. మొదటిసారి ఒక లారీ డ్రైవరు బీరు గ్లాసుతో విరగ్గొట్టాడు. రెండోసారి ఒక పెళ్ళికొడుకు, తెల్లారితే పెళ్ళి పెట్టుకుని, నెత్తితో కుమ్మి విరగ్గొట్టాడు. మూడోసారి కన్నతండ్రే. ఇన్ని దెబ్బలు తిన్న ముక్కు ఇంక ఎదురుగా చూసే ఓపిక లేక ఎడమ చెంప మీదికి వాలిపోయింది. దాన్ని చూసి నవ్వినవాళ్ళు లేకపోలేదు. రెండోసారి నవ్వినవాళ్ళు మాత్రం తక్కువ.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన ఉద్యోగం పబ్బు తలుపు దగ్గర నిలబడడం. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా ఉండదు. ఊరంతా గడియ అనే పిలుస్తుంది. ఆయనకు జీతమిచ్చే కంపెనీకి ఇరవై మూడు పబ్బులున్నా, అన్నిటికన్నా పెద్దదానికీ, అన్నిటికన్నా గొడవలు ఎక్కువైనదానికీ గడియనే పెట్టారు. మనిషిని ఎక్కడ కొడితే కూర్చుంటాడో, ఎక్కడ కొడితే పడుకుంటాడో ఆయన చేతులకు కంఠతా వచ్చు. కత్తి తీసినవాడి మణికట్టు విరిచాడు. కుర్చీ ఎత్తినవాడి మోకాలు పగలగొట్టాడు. ఒకసారి ఇద్దరన్నదమ్ములు ఒకరి చెవి ఒకరు కొరుక్కుంటుంటే ఇద్దరి తలలూ కలిపి కొట్టి, తెగిన చెవి ముక్కను మంచు గ్లాసులో వేసి ఆస్పత్రికి పంపాడు.

ఇన్ని చేసినా ఆయన మీద పగబట్టినవాళ్ళు లేరంటే కారణం ఒక నియమం. చొక్కా కాలరు ఒక చేత్తో, నడుం దగ్గర బెల్టు ఇంకో చేత్తో పట్టుకుని, మూడే మూడు అడుగుల్లో మనిషిని గుమ్మం దాటించేవాడు. దాటించాక, "ఇవాళ్టికి చాలు, రేపు రా" అనేవాడు. ఇక ఆ రోజుకి బ్రతిమాలినా, తిట్టినా, తల బాదుకున్నా తలుపు తెరుచుకోదు. మర్నాడు మాత్రం, మూతి వాచినవాడు వచ్చినా, చేతికి కట్టు కట్టుకున్నవాడు వచ్చినా, తనే తలుపు తీసి లోపలికి రమ్మనేవాడు. నిన్నటి మాట ఎత్తేవాడు కాదు.

ఆ నియమానికి తండ్రి కూడా మినహాయింపు కాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, మంచి చలికాలం. తండ్రి తాగిన మత్తులో గ్లాసులు అందించే అమ్మాయిని సీసాతో కొట్టాడు. ఆ పిల్ల కనుబొమ చీలి మొహమంతా రక్తం. గడియ వెళ్ళి తండ్రి కాలరు పట్టుకున్నాడు. ముసలాయన తిరిగి ముక్కు మీద గుద్దాడు. ముక్కులోంచి రక్తం కారుతుండగానే మూడడుగుల్లో గుమ్మం దాటించాడు.

"ఒరేయ్, నీ కన్నతండ్రినిరా! కోటు లోపలే ఉండిపోయింది, చలేస్తోందిరా!" అని తండ్రి బయటినుంచి ఏడ్చాడు. గడియ కోటు తెచ్చి కిటికీలోంచి అందించాడు. తలుపు తియ్యలేదు. పదహారేళ్ళ చెల్లెలు వచ్చి తండ్రిని నడిపించుకుపోతూ వెనక్కి తిరిగి, "నీకు మనుషులకన్నా ఆ తలుపే ఎక్కువ అన్నయ్యా" అంది. ఆ చలిలో తండ్రి రొమ్ము పట్టేసి వారం మంచం దిగలేదు. తర్వాత ఏడాదికి వేరే జబ్బుతో పోయాడు గానీ, ఆ వారం రోజులూ గడియ గుండెల్లో ముల్లులా ఉండిపోయాయి. తను చేసింది సరైన పనేనని అప్పటినుంచి రోజుకొకసారైనా తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఆ చెల్లెలు తర్వాత బీరు కాచే మేస్త్రిని పెళ్ళాడింది. ఈ బావ చేతులు వేరే రకం. మొలకెత్తించి వేయించిన బార్లీ గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ఆ పొడి వాసన చూసి, ఈ విడత బీరు ఎలా వస్తుందో చెప్పేవాడు. ఫ్యాక్టరీలో దానికోసం మిషన్లు వచ్చాయి. అయినా మిషను చెప్పింది బావ వేళ్ళు ఒప్పుకుంటేనే బాయిలరు వెలిగేది. గడియకు ఆ వేళ్ళంటే గౌరవం. తనకు మనుషులను విరవడం తప్ప ఏదీ చేతకాదని ఆయనకు తెలుసు.

పీటముడి ఎక్కడ పడిందంటే, ఆ బీరు ఫ్యాక్టరీలో పబ్బుల కంపెనీకి ఐదింట మూడు వంతుల వాటా ఉంది. ఆ వాటాను ఒక పెద్ద కంపెనీకి అమ్మేద్దామని పైవాళ్ళు తీర్మానం పెట్టారు. ఆ పెద్ద కంపెనీ అంతకుముందు ఇలాంటివే రెండు ఫ్యాక్టరీలు కొని, రెండింటికీ తాళం వేసింది. అమ్మకం జరిగితే మూడోది ఇదే. బావతో పాటు నూట నలభై మంది రోడ్డున పడతారు.

అమ్మాలా వద్దా అన్నది పబ్బుల కంపెనీ వాటాదారుల ఓటుతో తేలుతుంది. పన్నెండేళ్ళ కిందట ఒక గడ్డు సంవత్సరం బోనసుకు బదులు ఫ్యాక్టరీవాళ్ళతో సహా పనివాళ్ళందరికీ ఆ కంపెనీ షేర్లు ఇచ్చారు గనక వాళ్ళకూ ఓట్లున్నాయి. సభ రోజున కాగుతున్న బీరును వదిలి అందరూ రాలేరు. అందుకని తమ ఓట్లు వేసే అధికారం బావకు రాసిచ్చారు. గడియకూ అరవై షేర్లున్నాయి. సభకు కూడా తలుపు కాయమని కంపెనీ ఆయన్నే వేసింది. అందుకని ఆయనా తన ఓట్లు బావకే రాసిచ్చాడు. అన్నీ కలిపి నాలుగు వేల నాలుగు వందల పైచిలుకు ఓట్లు బావ జేబులో ఉన్నాయి. ఒకటే షరతు: చీటీ వేసేటప్పుడు మనిషి హాల్లో ఉండాలి.

సభ రోజు పొద్దున చెల్లెలు మొగుడి చొక్కాకు బొత్తాలు పెడుతూ, "ఈయనకి ముక్కు మీదే కోపం. కాస్త కనిపెట్టుకుని ఉండు అన్నయ్యా" అంది.

"నేనున్నానుగా" అన్నాడు గడియ.

పెద్ద పబ్బు మేడమీది హాల్లో సభ. రెండు వందల కుర్చీలు, ఒక బల్ల, ఒక మైకు, నీళ్ళ జగ్గులు. పది గంటలకు మొదలైంది. పదకొండు గంటలకల్లా గొంతులు చిరిగిపోతున్నాయి.

కంపెనీలో షేర్లున్న ఒక పెట్టుబడి సంస్థ తరఫున బూడిదరంగు సూటాయన లేచాడు. "మనం పబ్బులు నడిపేవాళ్ళం. బీరు కాచడం మన పని కాదు. ఆ వాటా అమ్మితే సగం పబ్బులు బాగుచేయించొచ్చు, మిగిలింది మీకే డివిడెండుగా వస్తుంది."

రొట్టెల దుకాణం పెద్దావిడ కూర్చున్నచోటినుంచే అందుకుంది. భర్త మిగిల్చిపోయిన షేర్లు ఆవిడవి. "పిండి మిల్లు అమ్మేసుకుని రొట్టెలమ్మే తెలివి నాకింకా రాలేదు నాయనా. రేపు వాళ్ళు బీరు ధర పెంచితే ఎవరి కాళ్ళు పట్టుకుంటావు?"

సగం హాలు చప్పట్లు కొట్టింది, సగం హాలు అరిచింది. వెనక వరసలో ఒకడు మరొకడి టోపీ లాగాడు. వాడు వీడి మెడ పట్టుకున్నాడు. గడియ ఇద్దరినీ చెరో చేత్తో విడదీసి, చెంప మీద చెరొకటి వేసి కూర్చోబెట్టాడు. అప్పుడు బావ లేచాడు.

"ఆ కంపెనీ కొన్న రెండు ఫ్యాక్టరీలూ ఇవాళ ఎలుకలు తిరిగే గోడౌన్లు. అక్కడ పనిచేసిన మేస్త్రి ఒకాయన ఇప్పుడు వాచ్‌మెన్. ఎక్కడనుకున్నారు? ఆ ఫ్యాక్టరీకే!"

సూటాయన నవ్వాడు. "వట్టిపోయిన ఆవును మేపుతూ కూర్చుంటారా? ఆ నూట నలభై మందీ ఇన్నాళ్ళు తిన్నది చాల్లేదా?"

ఆ నవ్వే కొంప ముంచింది. బావ కుర్చీల మీదుగా దూకి, సూటాయన టై పట్టుకుని బల్ల మీదుగా ఇవతలికి ఈడ్చాడు. జగ్గులు పగిలాయి. మైకు తీసి మూతి మీద కొట్టాడు. ఆ దెబ్బ చప్పుడు స్పీకర్లలోంచి హాలంతా వినిపించింది. పన్ను ఒకటి ఊడి నీళ్ళలో పడింది. సూటాయన మనుషులు ఇద్దరు బావ మీద పడి డొక్కలో తన్నారు. పెద్దావిడ చేతిసంచీతో ఒకడి చెవి కింద వాయించింది. కుర్చీలు గాల్లోకి లేచాయి. నుదురు చిట్లిన ఒక ముసలాయన గోడకు ఆనుకుని జారిపోయాడు.

"గడియా! వాణ్ణి బయటికి పంపు!" ఛైర్మన్ బావ వైపు వేలు చూపించి అరిచాడు.

గడియ ఆలోచించలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు ఆలోచించనివ్వలేదు. ఒక చెయ్యి కాలరు మీద, ఇంకో చెయ్యి బెల్టు మీద. ఒకటి, రెండు, మూడు. బావ గుమ్మం అవతల ఉన్నాడు. "ఇవాళ్టికి చాలు, రేపు రా" అని నోరు దానంతటదే అంది. తలుపు నెట్టాడు.

తలుపు పడలేదు. మధ్యలో ఏదో అడ్డం ఉంది. లోపల గొడవ ఎటునుంచి మీదపడుతుందోనని వెనక్కి చూస్తూనే భుజంతో బలంగా మోదాడు. పుల్లలు విరిగిన చప్పుడు, ఆ వెంటనే బావ కేక. అవి వేళ్ళని గడియకు అప్పుడు తెలిసింది. సందు వదులవగానే చెయ్యి వెనక్కి పోయింది, తలుపు మూసుకుంది. చట్రం మీద రక్తం.

"బావా! చీట్లు నా దగ్గరే ఉన్నాయి బావా! తలుపు తియ్యి!" అని బయటినుంచి బావ అరిచాడు.

హాలు కాస్త సద్దుమణిగింది. ఛైర్మన్ ఇదే అదునని ఓట్లకు పిలిచాడు. బావ రెండో చేత్తో తలుపు బాదుతున్నాడు. పెద్దావిడ చిందరవందరగా పడి ఉన్న కుర్చీలు దాటుకుని గడియ దగ్గరికి వచ్చింది. "అతన్ని రానీ నాయనా. పనివాళ్ళ ఓట్లన్నీ అతని దగ్గరే కదా."

ఛైర్మన్ అరచేతులు విప్పాడు. "నేను బయటికి పంపమన్నానే గాని, రానివ్వద్దనలేదు. ఆ నియమం గడియది. తీస్తే తియ్యమనండి."

గడియ చెయ్యి గొళ్ళెం మీదే ఉంది. తీస్తే ఎవరూ ఏమీ అనరు. కానీ తీస్తే, ఆ ఆదివారం ఎందుకు తియ్యలేదని ఒక ముసలాయన చలిలో నిలబడి అడుగుతాడు. బావకు ఇవాళ తీస్తే, తండ్రికి ఆ రోజు తియ్యకపోవడం తప్పయిపోతుంది. పెద్దావిడ షేర్లున్నాయి, సగం హాలు చప్పట్లు కొట్టింది, ఎలాగూ మనమే గెలుస్తాం అనుకున్నాడు. ఆయన వీపు తలుపుకి ఆనించి నిలబడ్డాడు. బాదిన ప్రతి దెబ్బా వెన్నెముకలో తగిలింది. ఛీ, ఎంత మొండిమనిషి! ఎవరైనా ఆ క్షణాన ఆయన్ని నాలుగు తన్ని పక్కకు లాగి ఉంటే బాగుండేది. కానీ అక్కడ ఆయన్ని లాగగల మనిషి లేడు.

లెక్క తేలేసరికి పన్నెండున్నర అయింది. మూడు వేల వంద ఓట్ల తేడాతో అమ్మకం నెగ్గింది.

గడియ తలుపు తీశాడు. బావ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నల్లగా ఉబ్బి, గోళ్ళు లేచిపోయి ఉన్నాయి. ఒళ్ళో ఓటు చీట్లు రక్తానికి అంటుకుపోయి ముద్దయ్యాయి.

"ఎంత తేడా?" అన్నాడు బావ.

గడియ చెప్పాడు.

బావ లేచి ఎడమచేత్తో ముక్కు మీద గుద్దాడు. నాలుగోసారి. అలవాటు లేని చెయ్యి గనక మళ్ళీ గుద్దాడు, పెదవి చీలింది. మళ్ళీ గుద్దాడు. ఆ గుద్దు ఆపడం గడియకు చిటికెలో పని. చేతులు పైకి లేవలేదు. బావ అలిసిపోయి, ఏడుస్తూ, విరిగిన చెయ్యి గుండెకు అదుముకుని మెట్లు దిగిపోయాడు.

మధ్యాహ్నం మూడింటికి గడియ చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. మొహం కడుక్కోలేదు. తలుపు తట్టాక చాలాసేపటికి తీసింది. ఆవిడ వెనక, బల్ల దగ్గర బావ కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యంతా తెల్లటి కట్టు. ముందు ఒక పళ్ళెంలో గుప్పెడు బార్లీ గింజలు. ఎడమచేతి వేళ్ళతో ఒక గింజను నలపబోతున్నాడు. అది జారి కిందపడింది. ఇంకోటి తీసుకున్నాడు.

"డాక్టరు ఆ రెండు వేళ్ళూ ఇక వంగవన్నాడు" అంది చెల్లెలు.

"నన్ను లోపలికి రానివ్వవే" అన్నాడు గడియ. "ఒక్కసారి బావ కాళ్ళు పట్టుకుంటాను."

ఆవిడ అన్న మొహం వైపు చూసింది. పైటకొంగుతో ఆయన గడ్డం మీది రక్తం తుడిచింది, చిన్నప్పుడు ఆయన తనకు మట్టి తుడిచినట్టే. తర్వాత తలుపు మీద చెయ్యి వేసింది.

"ఇవాళ్టికి చాలు అన్నయ్యా" అంది.

మిగతా సగం అంటుందేమోనని గడియ ఆ మెట్టు మీదే నిలబడ్డాడు. లోపల గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది.