ఏరు దాటానన్న మనిషి

వెల్డింగ్ మేస్త్రీకి జరిగిన అన్యాయం ముందు వరసలో కుర్చీ వేసి, చప్పట్లు కొట్టి మరీ జరిగింది.

ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి మనసు బాగోలేనివాళ్లకీ, తాగుడు మానలేనివాళ్లకీ ఎక్కడెక్కడ వైద్యం ఉంచాలో తేల్చే మీటింగు అది. వెళ్దామని బతిమాలింది సెంటర్ నర్సు. "మీరొచ్చి నాలుగు మాటలు చెబితే మన సెంటర్ నిలబడుతుంది మేస్త్రీ గారూ."

సెంటరంటే బస్టాండు వెనక, పాత ఇనుము కొట్టు పైన రెండు గదులు. శనివారం సాయంత్రం తాగుడు మానినవాళ్లంతా అక్కడ బెంచీ మీద కూర్చునేవాళ్లు. మాట్లాడగలిగినవాడు మాట్లాడేవాడు, లేనివాడు గోడకేసి చూసేవాడు. మెట్లెక్కేవాళ్ల కాళ్లు వణుకుతాయని మేస్త్రీయే ఇనప కమ్మీలు వెల్డింగ్ చేసి పట్టుకోడానికి ఆధారం పెట్టాడు. అది పట్టుకుని మొదట పైకెక్కిందీ తనే.

మైకు ముందు నిలబడ్డాక చప్పట్లు సారా కంటే తొందరగా తలకెక్కాయి. రెండు చేతులూ చాచి చూపించాడు. "చూడండి సార్, వణుకు లేదు. సీసా ఎదురుగా పెట్టినా చెయ్యి కదలదు. ఇప్పుడు నాకు ఎవరి ఆసరా అక్కర్లేదు."

"అంటే మీ వైపు అవసరం తగ్గినట్టేనా?" అని ఒక ఆఫీసరు మర్యాదగా అడిగాడు.

"తగ్గినట్టే సార్."

నర్సు తల దించుకుంది. ఎందుకో మేస్త్రీకి అర్థం కాలేదు. వానలు వెళ్లేలోపు సెంటర్‌ని రెండు బస్సులు మారితే గానీ చేరలేని పెద్దాసుపత్రిలో కలిపేసినప్పుడు అర్థమైంది. ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు. ఏరు దాటానని తను కోతలు కోశాడు, తెప్ప వాళ్లు తగలేశారు. ఇంకా నీళ్లలోనే ఉన్నానని తనకొక్కడికే తెలుసు.

"నువ్వు మైకు పట్టుకుంటే సెంటరే పోయింది బావా, ఎలక్షన్లో నిలబడు, పార్టీయే పోతుంది" అన్నాడు భోజనాల దగ్గర బావమరిది. ఇంటిల్లిపాదీ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. భార్య మాత్రం అతని మొహంలోకి ఒకసారి చూసి కంచం తీసేసింది.

బెంచీ మీద పక్కన కూర్చునే దర్జీ పెద్దాసుపత్రికి ఒక్కసారి వెళ్లొచ్చాడు. రోజంతా క్యూ. కొత్త డాక్టరు పేరు దగ్గర్నుంచి మళ్లీ మొదలెట్టాడట. "ఎన్నిసార్లు మొదలెట్టను మేస్త్రీ? మీకేం, గట్టి మనిషి" అన్నాడు. మరుసటి వారం సారా కొట్టు ముందు కనబడ్డాడు, మేస్త్రీని చూసి మొహం తిప్పుకున్నాడు.

గట్టి మనిషి! ఆ మాటతో నోరు కుట్టేసినట్టయింది. శనివారం పొద్దు వాలితే నాలుక పీకేది. అది ఎవరికి చెప్పాలి? భార్యకి చెబితే హడలిపోతుంది. బావమరిదికి చెబితే నవ్వుతాడు. ఊరందరి ముందు చేతులు చాచి చూపించినవాడు ఏ మొహంతో చెబుతాడు? చెప్పలేక ఒక శనివారం సారా కొట్టు ముందు దర్జీ పక్కకే వెళ్లి నిలబడ్డాడు. దర్జీ ఏమీ అడక్కుండా జరిగి చోటిచ్చాడు.

తర్వాత పాత ఇనుము కొట్టు యజమాని పిలిపించాడు. పై గదుల్లోకి సరుకెక్కించాలి, మెట్లకి ఆ కమ్మీలు అడ్డం, కోసెయ్యమన్నాడు. మేస్త్రీ కోస్తూంటే కింద నిలబడి, "ఏంటి మేస్త్రీ, కోత వంకర్లు పోతోంది?" అన్నాడు.

"కళ్లు మంట" అన్నాడు మేస్త్రీ.

అప్పుడే నర్సు పైన మిగిలిపోయిన బరువు తూచే మిషను కోసం వచ్చింది. పట్టుకోడానికి కమ్మీ లేక గోడ పట్టుకుని ఎక్కబోయి, అతని పక్కకొచ్చి ఆగిపోయింది. సారా వాసన తెలిసింది. యజమానికి వినబడకుండా అంది: "రేపు నాతో పెద్దాసుపత్రికి రండి. నేనే తీసుకెళ్తాను. మీరు బాగున్న రోజులు నేను చూశాను, వాళ్లకి చెబుతాను."

మేస్త్రీ మొహానికున్న వెల్డింగ్ అద్దం పైకెత్తలేదు.

"సిస్టరమ్మా, నేను బాగున్నానని ఇంకెవరికీ చెప్పకండి."