సప్పుడు పోయిన అంబాసిడర్

ఏళ్ల తరబడి గొంతులో ముల్లులా ఒక మాట ఇరుక్కుని ఉంది. ఇంట్లో చెప్పలేదు, చెప్పే ముఖం లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

కామారెడ్డిలో నాది కార్లు బాగుచేసే షెడ్డు. ఇంజన్ టాపెట్లు పెట్టాలంటే నా చెయ్యే అని అందరూ అంటారు. ఛీ, ఆ చెయ్యి సంగతి నాకు తెలుసు.

ఎల్లారెడ్డి ఊళ్లో పటేల్ ఒకాయనకు పాత అంబాసిడర్ ఉండేది. డ్రైవర్ సాయిలు దాన్ని ఇంటి ఎద్దులా చూసుకునేవాడు. కూతురి పెళ్లి దగ్గరపడ్డాక పటేల్‌కు పిచ్చి పట్టింది: వియ్యంకుల ముందు ఇంజన్ టకటకమనొద్దు. షెడ్డుకు వచ్చి, ఈ సప్పుడు ఆపలేనివాడివి నువ్వేం మెకానిక్‌వని నలుగురిలో నవ్వాడు. ఇంజన్ గురించి ఆయనకు తెలిసింది హారన్ కొట్టడం ఒక్కటే!

వాల్వుకూ, దాన్ని నొక్కే మీటకూ మధ్య కాస్త సందు ఉండాలి; ఆ సందు సరిచూడడమే టాపెట్లు పెట్టడం. వేడికి ఇనుము సాగుతుంది. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, మంటకు మాడిపోతుంది. ఆ టకటక ఆ సందుదే. నాకు తెలియక చేసింది కాదు. సందు కొలిచే రేకును పక్కన పడేసి, సందే లేకుండా స్క్రూలు బిగించేశాను. సప్పుడు పోయింది. కాలితే కాలనీ, వీడి పొగరు దిగుతుందనుకున్నాను. మరి నా పొగరు? సాయిలు బానెట్ మీద చెవి పెట్టి విని మురిసిపోయాడు. వాడికైనా ఒక్క మాట చెప్పొచ్చు కదా? చెప్పలేదు.

పెళ్లయిన కొన్నాళ్లకు రామారెడ్డి దారిలో బండి గుంజలేక ఆగిపోయింది. షెడ్డుకు తెచ్చారు. ఇంజన్ విప్పితే వాల్వు అంచు మాడి ఉంది. పటేల్ సాయిలు వైపు వేలు చూపించాడు.

"వీడు ఉరికిచ్చుడుకే కాలిందా? చెప్పు."

సాయిలు నా వంక చూశాడు. "నువ్వన్న చెప్పన్నా, నేనట్ల ఉరికిస్తనా?"

"గట్టిగ తొక్కితే గిట్లనే అయితది పటేలా," అన్నాను.

ఎంత నీచం చూడండి. నన్ను చూసి నవ్వినవాడి ముందు తల ఊపాను, నన్ను నమ్మినవాడిని తొక్కేశాను. పటేల్ మీద అంత కోపం పెట్టుకున్న మొనగాడిని, ఆయన ఎదురుగా నిలబడేసరికి నోరు ఎందుకు పెగల్లేదు? నా పేరు పోతుందని. అంతే. అంతకన్నా గొప్ప కారణం ఏదీ లేదు.

సాయిలు తాళంచెవి పటేల్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. బండ్లు పాడుచేస్తాడని పేరు పడ్డాక ఎల్లారెడ్డిలో ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదు. పెండ్లాన్ని తీసుకుని చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోయాడు.

మొన్న వచ్చాడు. భిక్నూర్‌లో ధాబా వాళ్ల పాత జీపు నడపడానికి దొరికిందట, టాపెట్లు పెట్టమన్నాడు. నేను ఇంజన్ మీదికి వంగి ఉంటే మెల్లగా అన్నాడు: "అప్పుడు నువ్వు నిజమే చెప్పినవన్నా. నేనే గట్టిగ తొక్కినట్టున్న. ఇప్పుడు మెల్లగనే నడుపుతున్న."

కొలువు తీసేసింది పటేల్. సాయిలుకు తన పాదం మీద ఉన్న నమ్మకాన్ని తీసేసింది నేను. అప్పుడైనా చెప్పానా? లేదు. రేకు పెట్టి, సందు సరిగ్గా చూసి, బానెట్ దించాను. సాయిలు నాకు దండం పెట్టి పోయాడు.

మీకు ఇదంతా రాశాక కొంచెం ఊపిరాడుతోంది. వినవలసినవాడు మాత్రం భిక్నూర్ రోడ్డు మీద, తప్పు తనదే అనుకుంటూ, మెల్లగా నడుపుతున్నాడు.