చెప్పులు పైకి తెమ్మన్నాను

ప్రార్థన మధ్యలో, పాలు పొయ్యి మీదే వదిలేశానేమోనని అనుమానం వచ్చి వంటింట్లోకి వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే కింద మెట్ల దగ్గర ఎవరో ఒకాయన వంగి, మా వాళ్ళు విడిచిన చెప్పులకు ఫోనులో ఫోటో తీస్తున్నాడు. మనుషుల్ని కాదు, ఇంటిని కాదు, చెప్పుల్ని. నిలబడి ఒకటి తీశాడు, గొంతుక్కూర్చుని ఇంకొకటి తీశాడు. తర్వాత వేలు ఆడిస్తూ జతలు లెక్కపెట్టుకున్నాడు. తల ఎత్తి నన్ను చూశాడు. తడబడతాడనుకున్నాను. నవ్వాడు.

"ఏం మేడం, ఫంక్షనా?"

"లేదండీ" అన్నాను. ఆయన బండి ఎక్కి వెళ్ళిపోయాడు. పొయ్యి మీద పాలు కూడా లేవు. నేను కిటికీ చువ్వ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. లోపల ఆడవాళ్ళు పాట అందుకున్నారు. ఆ పాట వీధి చివరిదాకా వినిపిస్తుందని ఆ రోజే మొదటిసారి గమనించాను.

తిరుపతిలో, అలిపిరి వైపు పోయే రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, మేడ మీద పోర్షను మాది. మా ఆయనకు నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కితే పొద్దుగూకాక ఇల్లు చేరతాడు. ఏడేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు. నేను డిగ్రీ చదివాను. పెళ్ళయ్యాక బాప్తిస్మం తీసుకున్నాను. కార్వేటినగరంలో ఉన్న మా పుట్టింటి తలుపు ఆ రోజుతో మూసుకుపోయింది. అందుకే ఈ రెండు గదులు తప్ప మాకు వెళ్ళడానికి వేరే చోటు లేదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే తర్వాత నేను చేసిన పనులు ఎవరికీ అర్థం కావు.

బుధవారం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన. మార్కెట్లో ఆకుకూరలు అమ్మే అవ్వ, ఆసుపత్రిలో ఊడ్చే ఇద్దరు, ఇంకా కొందరు. చాలామంది ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్ళే. ఇంటి ఓనరమ్మ మెట్లు కడిగి ప్రతి మెట్టుకూ ముగ్గు వేస్తుంది కాబట్టి చెప్పులు కిందే విడిచి రావడం అలవాటు. నేను ఆమెను పెద్దమ్మా అంటాను. కొండకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ అందరికీ లడ్డూ పంచేది. నేను ప్రసాదం తీసుకోనని తెలిశాక ఒక్క మాట అనకుండా, మా పిల్లల కోసం విడిగా బన్నులు కొనుక్కొచ్చేది. ఆమె మాత్రల చీటీ చదివిపెట్టేదాన్ని, మోకాలికి నూనె రాసేదాన్ని.

ఆ ఫోటో తర్వాత నాకొక ఉపాయం తోచింది. తర్వాతి బుధవారానికి అందరికీ ఫోన్ చేసి, చెప్పులు కవర్లో వేసుకుని పైకి తెమ్మన్నాను.

అవ్వ కవరు ఊపుకుంటూ వచ్చింది. "ఏంది పాపా, మా చెప్పులకి గూడా బాప్తిస్మమా?"

అందరూ నవ్వారు. చెప్పులన్నీ స్నానాలగదిలో వరుసగా పెట్టించాను. కంజర వాయించొద్దన్నాను. పాటలు పెదవులతోనే పాడుకున్నాం. మెట్ల దగ్గర నావీ పిల్లలవీ తప్ప ఇంకొక జత లేదు. తెలివైన పని చేశానని లోలోపల గర్వపడ్డాను కూడా.

రెండు బుధవారాలు గడిచాయి. మూడో బుధవారం సాయంత్రం పెద్దమ్మ కిందికి పిలిచింది. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. నన్ను కూర్చోమనలేదు.

"చెప్పులు యాడ పోయినాయమ్మా?"

నేను మెట్ల వైపు చూశాను.

"పోయిన వారం నలుగురు మొగోళ్ళు వచ్చి, నీ ఇంటికి ఎంతమంది వస్తారని నన్ను అడిగినారు. మెట్ల కాడ సూస్తే మీ జతలే ఉండాయి. ఎవురూ రావడం లేదప్పా, ఆ పాప ఒక్కతే ప్రార్థన చేసుకుంటా ఉండాది అని సామి మీద ఒట్టేసి చెప్పినా. ఈ పొద్దు వాళ్ళు వీడియో తెచ్చి నా మొకాన పెట్టినారు. అంతమంది కవర్లు పట్టుకోని నా మెట్లు దిగతా ఉండారు. నాతో సామి మీద దొంగ ఒట్టు ఏపించినావు గదమ్మా."

"భయపడి చేసినా పెద్దమ్మా."

"భయమైతే నాకు చెప్పాల. రెండేండ్లు పాడినారు, నేనేమన్నా అంటినా? తలుపులు తీసి పాడుకున్నప్పుడు నీ దేవుడు నీది, నా సామి నాది. దాసిపెట్టినావంటే నేనేమనుకోవాల? ఈ వయసులో నేను కొండెక్కి ఆయన మొకం ఎట్ల సూడాల?"

ఆమె ఏడుస్తోంది. ఆ నలుగురి మీద నాకు కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ ఆమెకు జరిగింది నా చేతుల మీదుగా జరిగింది. కొంగుతో ముక్కు తుడుచుకుని చివరికి అసలు మాట చెప్పింది.

"నా కొడుకు వాళ్ళకి మాటిచ్చేసినాడు. ప్రార్థన ఆపేయ్, ఉండు. లేదంటే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్. పిల్లకాయల్ని సూసి ఈ మాత్రమన్నా అడిగి పెట్టినా."

మా ఆయన అన్నం తింటూ అంతా విన్నాడు. "కొన్నాళ్ళు ఆపేద్దాం లే. మనం నలుగురం తలుపేసుకోని చేసుకుందాం. దేవునికేమన్నా చెవుడా?" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట ఆయనే అనాలని ఎదురుచూస్తున్నాను. వెంటనే అవ్వకు ఫోన్ చేసి, ఇంక రావద్దని చెప్పాను.

"సరే పాపా. నీ బిడ్డలు బాగుండాల. మా ఇంట్లో మోకాలు వంచే తావు లేదు గానీ, గంప ఎనకాల చేసుకుంటాలే. కూర కొనేవాళ్ళు నిద్రపోతా ఉండాననుకుంటారు, అంతే" అని నవ్వింది.

రెండో నంబరు నొక్కలేకపోయాను. అది ధైర్యం కాదు. ఆ మాట ఇంకొకరితో అనడానికి నోరు రాలేదు, అంతే. రాత్రి మా ఆయనతో, ప్రార్థన ఆపడం నా వల్ల కాదన్నాను. పొద్దున నేనే వెళ్ళి ఖాళీ చేస్తామని పెద్దమ్మకు చెప్పాను. ఆమె ముగ్గు వేస్తూ తల ఎత్తలేదు.

అప్పటినుంచి ఇళ్ళు వెతకడం. టులెట్ బోర్డు చూసి గేటు తీస్తే ముందు నా నొసలు చూస్తారు. తర్వాత "మీరేమోళ్ళమ్మా?" అంటారు. తర్వాత "ఇప్పుడే ఎవురికో మాటిచ్చేసినాం" అంటారు. మరునాడు అటు పోతే బోర్డు అక్కడే వేలాడుతుంటుంది. ఒకామె మంచినీళ్ళిచ్చి, "నాకేం లేదమ్మా, వీధిలో శానా మాటలొస్తాయి" అంది. ఆమె మీద కోపం కూడా తెచ్చుకోలేకపోయాను.

పాస్టరు గారికి ఫోన్ చేస్తే దేవుడు చూసుకుంటాడన్నారు. ఈ మాట నేనూ ఎంతోమందికి చెప్పాను. చెప్పేవాళ్ళకు అది ఎంత తేలికో, వినేవాళ్ళకు ఎంత బరువో నాకు తెలియలేదు.

మొన్న సాయంత్రం పాపను బడి నుంచి తీసుకొస్తూ ఫ్యాన్సీ షాపులో స్టిక్కర్ బొట్లు కొన్నాను. షాపు అద్దంలో చూసుకుని ఒకటి పెట్టుకున్నాను. పాప చూసింది, ఏమీ అడగలేదు. ఆ వీధిలో రెండు గదుల ఇల్లు, బడికి దగ్గర, కొళాయి లోపలే ఉంది. ఇంటావిడ మమ్మల్ని నవ్వుతూ లోపలికి పిలిచింది.

"మనోళ్ళే గదా?"

"ఔనక్కా."

"ఏమనుకోవద్దు, అడగాల గదా. ప్రార్థనలూ అవీ ఏమీ లేవు గదా మీకు?"

"అట్లాంటివేమీ లేవక్కా."

రెండుసార్లు. అంత చక్కగా, తడుముకోకుండా ఎలా చెప్పానో నాకే తెలియదు. ఇల్లు మీదే అనుకోండి అంది. ఆటోలో బొట్టు తీసి పారేశాను. అప్పుడు పాప అడిగింది.

"అమ్మా, స్కూల్లో ఎవురన్నా అడిగితే నేను గూడా అట్లనే చెప్పాలా?"

ఇంటికి వచ్చి అన్నం పెట్టాను, పడుకోబెట్టాను. తర్వాత ప్రార్థన చేద్దామని మోకరించాను. ఇన్నాళ్ళూ నేను అడిగింది ఒక్కటే, నా పిల్లల తల మీద ఒక కప్పు. జవాబు రాలేదు. ఆ ఇల్లే జవాబు అనుకుందామంటే, అది ఆయన ఇచ్చింది కాదు, ఆయన నాకు తెలియదని చెప్పి నేను తెచ్చుకున్నది. ఆయన ఉన్నాడని నమ్ముతున్నాను. మమ్మల్ని చూసుకుంటున్నాడని నమ్మడమే నా వల్ల కావడం లేదు. అయినా ఈ మాట చెప్పుకోవడానికి కూడా ఆయన తప్ప నాకు ఎవరూ లేరు. నేలకు నుదురు ఆనించి అలాగే ఉండిపోయాను. ఏ ఓదార్పూ కలగలేదు. కలిగిందని రాస్తే అది మూడో అబద్ధం అవుతుంది.

తెల్లవారుజామున మా ఆయన బస్సుకు బయలుదేరుతున్నప్పుడు, ఆ ఇల్లు వద్దని చెప్పేస్తానన్నాను. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. "ఇంక పదిరోజులే ఉండాది" అన్నాడు. అలా చెప్పొద్దని మాత్రం అనలేదు. వెళ్ళిపోయాడు.

తెల్లవారాక ఆ ఇంటావిడకు ఫోన్ చేశాను. "అక్కా, మేము క్రైస్తవులం. మా ఇంట్లో ప్రార్థన ఉంటాది. నిన్న అబద్ధం చెప్పినాను."

"ముందే చెప్పుంటే ఇద్దరికీ పని తప్పేది గదమ్మా" అని పెట్టేసింది.

పిల్లలు ఇడ్లీ తింటున్నారు. వాళ్ళ ముందు నేల మీద కూర్చున్నాను.

"నిన్న అమ్మ అబద్ధం చెప్పింది" అన్నాను. "భయమేసి చెప్పినా. ఆ ఇల్లు మనకి రాదు. స్కూల్లో ఎవురన్నా అడిగితే ఉన్నది చెప్పు పాపా. చెప్పడానికి భయమైతే గమ్మునుండు, తప్పు లేదు. నేను చెప్పినట్ల మాత్రం చెప్పొద్దు."

పాప తల ఊపింది. బాబు నోట్లో ఇడ్లీతోనే, "మరి మనం యాడుండాల?" అన్నాడు.

"నాకు తెలీదు నాయనా."

"దేవునికి తెలుసా?"

"తెలుసు" అన్నాను. "నాకింకా చెప్పలేదు. తినండి, ఆటో వచ్చే టైమైంది."